రిపేర్ షాపులో గంటకు 250 ఎందుకు గిట్టుబాటు కాదు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. సర్వీస్ సెంటర్‌లో ఆరేళ్లు పనిచేసి ఖమ్మంలో సొంతంగా కంప్యూటర్, ల్యాప్‌టాప్ రిపేర్ షాపు పెట్టారు. నెల ఖర్చులన్నీ కూడి, షాపు తెరిచి ఉండే గంటలతో భాగిస్తే గంటకు 250 వచ్చింది. పక్క వీధిలో ఫార్మాట్‌కి (డిస్క్ తుడిచి విండోస్ మళ్లీ వేయడానికి) 300 తీసుకుంటున్నారు కాబట్టి ఈ రేటు సరైనదే అనుకున్నారు. షాపు ఎప్పుడూ బిజీగానే ఉంటోంది, నెలాఖరుకి చేతిలో ఏమీ మిగలడం లేదు. తేడా ఎక్కడ?

తేడా భాగహారంలో ఉంది. ఖర్చుల లెక్క బాగానే వేశారు. షాపు అద్దె 9,000, కమర్షియల్ మీటరు కరెంటు 1,800, ఇంటర్నెట్ 700, కుర్రాడి జీతం 10,000, పెట్రోలు 2,500, టీలు, చిల్లర ఖర్చులు 1,500, ఐపీఏ (బోర్డులు తుడిచే ఆల్కహాల్), థర్మల్ పేస్ట్, సోల్డర్, స్క్రూల్లాంటివి 1,000. హాట్ ఎయిర్ స్టేషన్, మైక్రోస్కోప్, డీసీ పవర్ సప్లై, బయోస్ ప్రోగ్రామర్ అన్నీ కలిపి 72,000 పెట్టానన్నారు. మూడేళ్లలో అవి మార్చాల్సి వస్తుందనుకుంటే నెలకు 2,000. వీటికి నేనొక పద్దు కలుపుతాను: తిరిగొచ్చిన రిపేర్లకు, మన చేతిలో పోయిన పార్టులకు నెలకు 1,500. మొత్తం 30,000. మీరు మళ్లీ ఉద్యోగంలో చేరితే వచ్చే జీతం 30,000 అన్నారు, అది కూడా ఖర్చే. ఆ రెండూ కలిపితే 60,000. దాని మీద పదో వంతు, అంటే 6,000, గడ్డు నెలల కోసం. 66,000 అయింది.

పది గంటల చొప్పున 26 రోజులు, అంటే 260 గంటలతో భాగిస్తే 254. మీ 250 అక్కడి నుంచే వచ్చింది. కానీ షాపు తెరిచి ఉన్న గంట వేరు, బిల్లు పడే గంట వేరు. పొద్దున షట్టర్ ఎత్తి, ఊడ్చి, దేవుడికి అగరబత్తీ పెట్టి, రాత్రి కాపీకి పెట్టిన డిస్క్ ఎక్కడిదాకా వచ్చిందో చూసేసరికి ముప్పావు గంట గడుస్తుంది. ఆ తర్వాత "అన్నా, హెచ్‌పీ చార్జర్ ఉందా, చిన్న పిన్నుది" అని ఒకరు. ప్రింటర్ వైఫైకి కనెక్ట్ కావడం లేదు, ఫోన్‌లోనే చెప్పమని ఇంకొకరు. కీబోర్డు కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ పార్టుల మార్కెట్ సీటీసీకి ఫోన్ చేసి, మోడల్ నంబరు ఫొటో పంపి, కీబోర్డు రిబ్బన్ కేబుల్ ఎడమ వైపా కుడి వైపా అని రెండుసార్లు అడిగించుకుని, సాయంత్రానికి ఆర్టీసీ కార్గోలో వచ్చిన పార్సిల్ కోసం బస్టాండ్‌కి వెళ్లి రావాలి. ఇదంతా పనే, కానీ దేనికీ బిల్లు లేదు.

వరంగల్‌లో చాలా ఏళ్లుగా ఇదే వృత్తిలో ఉన్నాను. ఒక్కడే టెక్నీషియన్‌గా ఉన్న షాపులో రోజుకు నాలుగు గంటలకు బిల్లు పడితే అది మంచి రోజే. 26 రోజులకు 104 గంటలు. 66,000ని 104తో భాగిస్తే 635. మీ అసలు గంట రేటు ఇది. 250కి చేస్తున్నారంటే ప్రతి గంటకూ మీ జీతంలోంచి 385 తీసి కస్టమర్‌కి ఇస్తున్నట్టే. పార్టుల మీద మిగిలే డబ్బు దాన్ని కప్పిపెడుతోంది, అందుకే మీకు కనపడలేదు.

నాలుగు గంటలు అన్నది నా అంచనా. మీది ఎంతో తేల్చుకోవడానికి రెండు వారాల పాటు ఒక నోట్‌బుక్ బెంచీ మీద పెట్టండి. ఏ మెషీన్ మీద ఎన్ని నిమిషాలు చెయ్యి పడిందో రాయండి. చెయ్యి పడిన నిమిషాలు మాత్రమే, మెషీన్ తనంతట తాను తిరిగిన టైమ్ కాదు. విండోస్ ఇన్‌స్టాల్ చేసి, అప్‌డేట్లన్నీ పూర్తయ్యేసరికి రెండు గంటలు పట్టొచ్చు, మీరు దాని ముందు కూర్చునేది అరగంటే. 500 జీబీ డేటాని పాత యూఎస్‌బీ 2.0 పోర్టు గుండా తీస్తే, సెకనుకు 30 ఎంబీ చొప్పున, నాలుగున్నర గంటలకు పైనే నడుస్తుంది. ఆ నాలుగున్నర గంటలకు 635 చొప్పున అడిగితే ఎవరూ ఇవ్వరు, అడగడం న్యాయమూ కాదు. ఆ సమయంలో మీరు ఇంకో రెండు ల్యాప్‌టాప్‌లు విప్పుతారు కదా. డిస్కూ బెంచీ ఆక్రమించినందుకు వంద, నూటయాభై కలుపుకోండి, చాలు.

దీనికి వ్యతిరేకంగా జనం మర్చిపోయేది ఇంకొకటి ఉంది. ర్యామ్ తీసి, కాంటాక్టులు తుడిచి మళ్లీ పెట్టడం పది నిమిషాల పని. కానీ కస్టమర్ చెప్పింది వినడం, జాబ్ కార్డు (మెషీన్ వివరాలు, కంప్లయింట్ రాసే కాగితం) రాయడం, అయ్యాక ఫోన్ చేయడం, ఆయన వచ్చినప్పుడు ఆన్ చేసి చూపించడం, ఏం చేశామో చెప్పడం, వీటికి ఇరవై నిమిషాలు. పది నిమిషాల పని అరగంట అయింది. అరగంటకు మీ ఖర్చు 317. అందుకే కౌంటరు దాటి లోపలికి వచ్చిన ఏ మెషీన్‌కైనా కనీస బిల్లు 300 ఉండాలి. అంతకంటే తక్కువకి చేయాల్సిన పని అయితే కౌంటరు మీదే చేసి, డబ్బు తీసుకోకుండా పంపండి. 50 రూపాయలు తీసుకున్నామంటే దానికీ బాధ్యత మనదే అవుతుంది.

ఇక 635 అన్నది కస్టమర్‌కి చెప్పే సంఖ్య కాదు. అది మీ డ్రాయర్‌లో ఉండే సంఖ్య. గంట రేటు చెప్తే ఆయన వాచీ చూసుకుంటూ కూర్చుంటాడు. అంతకంటే పెద్ద చిక్కు, మీ చెయ్యి తిరిగే కొద్దీ మీ ఆదాయం తగ్గుతుంది. మొదట్లో గంటన్నర పట్టిన హింజ్ (ల్యాప్‌టాప్ మూత మడత బందు) పని ఇప్పుడు నలభై నిమిషాల్లో అయిపోతుంది. నేర్చుకున్నందుకు మనకే కోత పడుతుందా? కాబట్టి మామూలు మనిషి చేసే టైమ్ చూసి పనికి ఇంత అని కట్టండి. తరచూ వచ్చే ఏడెనిమిది పనుల ధరలు అచ్చు వేయించి గోడకు తగిలించండి. గోడ మీద ఉన్న ధరని బేరమాడేవాళ్లు తక్కువ, నోటితో చెప్పిన ధరని బేరమాడనివాళ్లు లేరు.

మీరు ప్రత్యేకంగా అడిగింది చెకింగ్ చార్జీ గురించి. తీసుకోవాలి. ఎందుకో ఒక్క ఉదాహరణ చెప్తాను, ఇది ప్రతి షాపుకీ వస్తుంది. పాత డెల్ ల్యాప్‌టాప్, గుండ్రటి పిన్ను చార్జర్. "బ్యాటరీ పోయిందండీ, కొత్తది ఎంత?" అంటూ వస్తారు. ఆన్ చేయగానే చార్జర్ ఏ రకమో తెలియడం లేదని స్క్రీన్ మీద మెసేజ్ వస్తుంది, కస్టమర్ రోజూ ఏదో ఒక కీ కొట్టి దాన్ని దాటేస్తున్నాడు. ఆ పిన్ను మధ్యలో సన్నటి సూది లాంటిది ఉంటుంది, అది కరెంటు కోసం కాదు. చార్జర్ తను ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కి చెప్పుకునే దారి అది. సూది వంగినా, ప్లగ్గు దగ్గర వైరు లోపల తెగినా కరెంటు మామూలుగానే వస్తుంది, ల్యాప్‌టాప్ నడుస్తుంది, బ్యాటరీ మాత్రం ఎక్కదు. మన దగ్గరున్న మంచి చార్జర్ పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

అప్పుడు ఆయన అనే మాట మీకూ తెలుసు: "ఇంతేనా అన్నా? దీనికి 300 ఏంటి, ఊరికే చూసినందుకు?"

నేను చెప్పేది ఇదే: "మీరు అడిగినట్టు బ్యాటరీ వేసి పంపితే రెండు వేలకు పైనే అయ్యేది సార్, రేపు మళ్లీ ఇదే కంప్లయింట్‌తో వచ్చేవారు." ఆ మాట అన్నాక గొడవ పడినవాళ్లు అరుదు. చెకింగ్‌కి 300 అని ముందే, మెషీన్ తీసుకునేటప్పుడే చెప్పండి. రిపేర్ మన దగ్గరే చేయిస్తే బిల్లులో తగ్గించండి, ఎలాగూ పని ధరలో ఆ టైమ్ కలిపే ఉంటుంది. వద్దని తీసుకెళ్లేవాళ్ల దగ్గర మాత్రం మొహమాటపడకండి. కొందరు మన దగ్గర చెకింగ్ చేయించుకుని, ఏ పార్టు పోయిందో తెలుసుకుని, అది ఆన్‌లైన్‌లో కొని ఇంకెవరితోనో వేయించుకుంటారు. అది వాళ్ల హక్కు. చెకింగ్ డబ్బు మన హక్కు.

జాబ్ కార్డు లేకుండా చెకింగ్ చార్జీ నిలబడదు. మోడల్, సీరియల్ నంబరు, చార్జర్ ఇచ్చారా లేదా, హింజ్ పరిస్థితి, స్క్రీన్ మీద గీతలు, ఏ కీ పనిచేయడం లేదు, డేటా కావాలా వద్దా, సంతకం. డేటా గడి దగ్గర మీరు టిక్కు పెట్టకండి, కస్టమర్‌తోనే పెట్టించండి. పెళ్లి ఫొటోలు పోయాయని నెల తర్వాత వచ్చే గొడవకి ఏ గంట రేటూ చాలదు.

పక్క వీధి 300 ఫార్మాట్ సంగతికి వద్దాం. మీ లెక్క ప్రకారం చేతి పని అరగంట, తీసుకోవడం, అప్పగించడం ఇరవై నిమిషాలు, కలిపి 530. డేటా తీసి మళ్లీ పెట్టాలంటే 700. ఆయన 300కి ఎలా చేస్తున్నాడో మీకు తెలియనిది కాదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఏదో ఒక కాపీ, దానికి ఒక యాక్టివేటర్ (లైసెన్స్ లేకుండానే విండోస్ నడిచేలా చేసే దొంగ ప్రోగ్రామ్), ఆ యాక్టివేటర్ నడవడానికి యాంటీవైరస్ ఆఫ్ చేయడం. ఆ దారిలో పోటీ పడకండి. విండోస్ 8 నుంచి కంపెనీ విండోస్‌తో అమ్మిన ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి లైసెన్స్ కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది. అదే ఎడిషన్ వేసి నెట్ కలిపితే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. విండోస్ హోమ్ ఎడిషన్‌తో వచ్చిన మెషీన్‌కి ప్రో ఎడిషన్ వేసి, క్రాక్ కొట్టి, కస్టమర్‌కి ఉన్న లైసెన్స్ వాడకుండా చేసే షాపులు ఎన్నో. "మీ ఒరిజినల్ విండోస్ మీకు తిరిగి వస్తుంది, డ్రైవర్లు, ప్రింటర్ చెక్ చేసి ఇస్తాం, 550" అనండి. పదిమందిలో నలుగురు పక్క వీధికి పోతారు. పోనివ్వండి. ఆ నలుగురే మళ్లీ మళ్లీ వచ్చి కౌంటరు దగ్గర గంటలు తినేది.

ఇప్పుడు ఇంకో రకం పని పెరిగింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆపేసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 (భద్రత కోసం ఉండే చిప్) కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచే అధికారికంగా తీసుకుంటుంది. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి ఏం చేయమంటారని అడుగుతారు. ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వేసే వేగమైన డిస్క్) వేసి ఇంకొన్నాళ్లు వాడాలా, విండోస్ బదులు లినక్స్ వేయాలా, పాతదాన్ని అమ్మేసి కొత్తది కొనాలా అన్నది చెప్పడం కూడా పనే. మెషీన్ తెరిచి చూసి చెప్పిన సలహాకి చెకింగ్ చార్జీ తీసుకోండి. నోటి మాటగా రెండు నిమిషాల్లో చెప్పేదానికి వద్దు.

చిప్ లెవెల్ పనికి, అంటే మదర్‌బోర్డు మీది చిప్‌లు, చిన్న పార్టులు బాగుచేసే పనికి, ఈ 635 కూడా వర్తించదు. అక్కడ ఓడిపోయే గంటలు ఉంటాయి. బోర్డు చావుబతుకుల మధ్య ఉంటుంది, రెండు గంటలు షార్ట్ సర్క్యూట్ వెతికాక ప్రాసెసరే పోయిందని తేలుతుంది. పనవ్వకపోతే డబ్బు వద్దనడం మన దగ్గర ఆనవాయితీ, దాన్ని ఒక్కరోజులో మార్చలేం. అలాంటప్పుడు పది బోర్డుల్లో ఏడు బాగవుతున్నాయనుకుంటే, ఆ మూడింటి మీద పోయిన టైమ్‌ని ఈ ఏడే మోయాలి. 635ని 0.7తో భాగించండి, 907 వస్తుంది. చిప్ లెవెల్ గంటకు 900 అని పెట్టుకుని, దాని మీద బోర్డు రకాన్ని బట్టి పని ధర కట్టండి. మీకు పదిలో ఐదే బాగవుతుంటే 1,270 అవుతుంది, ఆ ధర ఖమ్మంలో రాదు. అప్పుడు ఆ రకం బోర్డులు మీరు ముట్టుకోకుండా బయటికి పంపి, తెచ్చి ఇచ్చినందుకు చార్జీ తీసుకోవడమే మేలు. టిక్ టిక్‌మనే హార్డ్ డిస్క్ కూడా అంతే. దాన్ని మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకండి, ప్రతిసారీ డేటా ఆశ తగ్గుతుంది. నేరుగా రికవరీ ల్యాబ్‌కి పంపండి.

హింజ్ పనుల్లో రిస్కు వేరే రకం. ప్లాస్టిక్‌లోంచి ఇత్తడి నట్లు ఊడొచ్చిన మూత తెరిచేటప్పుడు స్క్రీన్ పగిలితే ఆ నెలలో చేసిన హింజ్‌ల డబ్బంతా దానికే పోతుంది. పని ధర మీద ఇరవై శాతం రిస్కు కలుపుకోండి.

పార్టుల మీద మార్జిన్ విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చదు. ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ ధర కస్టమర్ ఫోన్‌లోనే చూసుకుంటాడు. దాని మీద 800 వేసి, లేబర్ ఫ్రీ అనడం పాత పద్ధతి. పార్టు మీద న్యాయంగా ఎంతో కొంత ఉంచుకోండి, వారంటీ పార్టు తిరిగి పంపే కొరియరూ, స్టాకులో ఇరుక్కున్న డబ్బూ దాంట్లోంచి పోవాలి. లేబర్‌ని మాత్రం లేబర్‌గానే బిల్లులో చూపించండి. "ఎస్‌ఎస్‌డీ నేను తెచ్చుకుంటా, నువ్వు వేసి పెట్టు" అనేవాళ్లు వచ్చినప్పుడు మీకు ఏ ఇబ్బందీ ఉండదు. క్లోనింగ్‌తో (పాత డిస్క్‌లోదంతా కొత్తదానికి కాపీ చేయడంతో) కలిపి ఇంత అని గోడ మీద ఉంటుంది. పార్టుకి గ్యారంటీ వాళ్లది, పనికి గ్యారంటీ మనది.

ఇంటికి రమ్మంటే రాకపోకల టైమ్ కూడా మీ నాలుగు గంటల్లోంచే పోతుంది. ఊళ్లోకి 350 విజిట్, పని చార్జీ వేరు అని ముందే ఫోన్‌లో చెప్పండి. పెదనాన్న కొడుకు, మరదలి ఆఫీసు మేనేజరు లాంటి వాళ్లు ఉంటారు, వాళ్లకి లేబర్ తీసుకోకపోయినా బిల్లు మాత్రం పూర్తి ధరతో రాసి కింద డిస్కౌంట్ చూపించండి. ఎంత వదులుకుంటున్నారో నెలాఖరున మీకే తెలుస్తుంది.

ఏఎంసీ, అంటే ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం గురించి అడిగారు. మీరు చెప్పిన స్కూలు వాళ్లు 20 కంప్యూటర్లకి ఏడాదికి 12,000 అంటున్నారు. 12,000ని 635తో భాగిస్తే దాదాపు 19 గంటలు. నెలకు గంటన్నర. మీరు చెప్పినట్టు నెలకు రెండుసార్లు రెండేసి గంటలు, పైగా పిలిచినప్పుడల్లా వెళ్లడం, నెలకు మూడు పిలుపులు అనుకున్నా, ఏడు గంటలు అవుతుంది. దాని ధర ఏడాదికి 53,000. వాళ్లు ఇచ్చేది అందులో నాలుగో వంతు కూడా కాదు. ఒప్పుకోవద్దని కాదు. 12,000కి ఎన్ని గంటలో అన్నే ఇవ్వండి: నెలకు ఒక విజిట్, ఏడాదికి మూడు ఎమర్జెన్సీ పిలుపులు, ఆ పైన ప్రతి పిలుపుకీ ఇంత, పార్టులు వేరు అని కాగితం మీద రాయించండి. ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ ఉచితం, ఇప్పుడే చేసుకోండి. రిజిస్టరైన చిన్న సంస్థకి కొనుగోలుదారు 45 రోజులు దాటకుండా చెల్లించాలని చట్టం ఉంది, రాత ఒప్పందం లేకపోతే 15 రోజులే. స్కూలు మీద కేసు వేయమని కాదు, బిల్లు కింద ఆ వాక్యం ఒకటి ఉంటే అకౌంటెంట్ ఫైలు కాస్త ముందుకు కదుపుతాడు.

జీఎస్టీ మీద ఒక్క జాగ్రత్త. సర్వీసు చేసేవాళ్లకి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. టర్నోవర్ అంటే లేబర్ ఒక్కటే అనుకుంటున్నారు చాలామంది. అమ్మిన పార్టులు కూడా అందులోకే వస్తాయి. నెలకు 66,000 లేబర్, లక్ష రూపాయల పార్టులు అయితే ఏడాదికి 19 లక్షల 92 వేలు, సరిగ్గా గీత మీద ఉన్నారు. దాటాక రిపేర్ మీద 18 శాతం, మీ 635 కస్టమర్‌కి 749 అవుతుంది. ఇంటి కస్టమర్‌కి ఆ పన్ను ఏ రూపంలోనూ తిరిగి రాదు కాబట్టి ధర పెరిగినట్టే చూస్తాడు. 50 లక్షల లోపు వాళ్లకి 6 శాతం కాంపోజిషన్ (టర్నోవర్ మీద ఒకే రేటున కట్టే పద్ధతి) ఉంది కానీ అది బిల్లులో విడిగా వసూలు చేయకూడదు, మన జేబులోంచే కట్టాలి. ఏది మంచిదో ఆడిటర్‌తో కూర్చుని ముందే తేల్చుకోండి. రిజిస్ట్రేషన్ లేనప్పుడు బిల్లులో జీఎస్టీ అని రాసి వసూలు చేయడం మాత్రం అసలు చేయొద్దు.

635 మీ ఊరికి ఎక్కువ అనిపిస్తే దాన్ని దించే దారి ఒకటుంది, అది రేటు కోయడం కాదు. కుర్రాడికి పని నేర్పండి. దుమ్ము తీయడం, పేస్ట్ మార్చడం, ఎస్‌ఎస్‌డీ క్లోనింగ్, కీబోర్డులు వాడు చేయగలిగితే రోజుకు ఇంకో గంటన్నర బిల్లు పడుతుంది. నెలకు 143 గంటలు. వాడి జీతం 13,000కి పెంచి, మొత్తం 69,000 అయినా, గంటకు 483కే గిట్టుబాటు అవుతుంది. అప్పుడు కావాలంటే ఫార్మాట్ 450కి దించండి. నేనైతే దించను, ఆ తేడాతో రెండో బెంచీ పెడతాను.

ధరలు ఒకేసారి రెట్టింపు చేయకండి. ముందు కనీస బిల్లు, చెకింగ్ చార్జీ పెట్టండి, ఈ వారం నుంచే. కొత్త కస్టమర్లకి కొత్త ధరలు. పాతవాళ్లకి ఒక నెల ముందు చెప్పి, ఆ తర్వాత మార్చండి. స్కూళ్లు, క్లినిక్‌ల ఏఎంసీలు ఏప్రిల్‌లో రెన్యువల్ అవుతాయి కాబట్టి ఫిబ్రవరిలోనే కొత్త కొటేషన్ ఇచ్చేయండి, మార్చి వస్తే వాళ్లకి పరీక్షలు, ఆడిట్ హడావుడి, మన కాగితం ఎవరూ చూడరు.